‘9999 ఇన్ 1’: ఒకే ఆటకు వేయి పేర్లు

1990వ దశకంలో మన పట్టణాలలో బాల్యం గడిపినవారికి ఆ క్యాసెట్టు తప్పక గుర్తుంటుంది. టీవీకి తగిలించే వీడియోగేమ్ పెట్టెలో దానిని గుచ్చితే, తెర మీద ‘9999 ఇన్ 1’ అన్న అక్షరాలు మెరిసేవి. పేరు మీద పేరు, పేజీ మీద పేజీ. ఆశగా ఒక్కొక్కటే తెరిచి చూస్తే అసలు రహస్యం బయటపడేది. నిజంగా వేరైన ఆటలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని మాత్రమే. మిగిలినవన్నీ అవే ఆటలు; ఒకటి రెండవ మెట్టు నుంచి మొదలవుతుంది, ఇంకొకటి రంగు మార్చుకుంటుంది, మరొకటి పేరు మాత్రమే మార్చుకుంటుంది. మారియో, కాంట్రా, ట్యాంకులు, బాతుల వేట, తిరిగి మారియో.

పాఠకులారా, దీనిని చిన్న వ్యాపారి చేసిన చిన్న మోసంగా కొట్టివేయవద్దు. వైవిధ్యం ఉన్నట్లు చూపి ఒకే వస్తువును పదేపదే అందించడం అన్నది వీడియో ఆటల చరిత్రలో మొదటి నుంచీ నడుస్తున్న సూత్రం. నేడు మీ బిడ్డ చేతిలోని ఫోనులో పనిచేస్తున్నదీ అదే సూత్రం. ఆరోగ్యానికీ ఆటల చరిత్రకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఒక అలవాటు శరీరాన్ని ఎలా మారుస్తుందో తెలియాలంటే, ఆ అలవాటును ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కోసం తయారు చేశారో ముందుగా తెలియాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేపథ్యంలో ఆ చరిత్రను క్లుప్తంగా పరిశీలిద్దాం.

గవ్వలు, గోటీలు, గుంటలు

పునరావృతి కొత్తది కాదు. అష్టాచెమ్మాను చూడండి. ఇరవై అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆ రెండింటికీ మరొక పందెం వేసే అవకాశం. తరతరాలుగా అదే పటం, అవే గవ్వలు. ఓనగుంటలలో అవే గుంటలు, అవే చింతగింజలు. కోస్తాలో వామనగుంటలన్నా, మన దగ్గర ఓనగుంటలన్నా ఆట ఒకటే. చిర్రగోనె, గోటీలు, బొంగరాలు, కచ్చకాయలు కూడా ఇటువంటివే. సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ప్రజల ఆటపాటలకూ చోటిచ్చారు. ఒక జాతి ఎలా ఆడిందో తెలియకుండా ఎలా జీవించిందో తెలియదన్న ఎరుక ఆ గ్రంథంలో కనిపిస్తుంది.

మరి ఆ ఆటలు ఎందుకు విసుగు పుట్టించలేదు? నాలుగు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ఎదురుగా కూర్చున్న మనిషి. పటం మారకపోయినా ప్రత్యర్థి మారేవాడు. అతని కోపం, కొంటెతనం, తొండి అన్నీ ఆటలో భాగాలే. రెండవది, నియమాల మీద పిల్లలకు ఉన్న హక్కు. ఒక వాడలోని గోటీల నియమం పక్క వాడలో చెల్లదు. వాదులాడి కొత్త నియమం పెట్టుకోవడం కూడా ఆటే. మూడవది, ఋతువు. గాలిపటాలకు సంక్రాంతి, పూలు కోసుకొచ్చే పనికి బతుకమ్మ, ఈతకు ఎండాకాలం. కాలం మారితే వాడే కండరాలు కూడా మారేవి. నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది: ముగింపు. చీకటి పడితే, అవ్వ అన్నానికి పిలిస్తే, ఆట ఆగిపోయేది. ఆట ఆగితే నష్టపోయే యజమాని ఎవడూ లేడు.

ఈ నాలుగింటినీ గుర్తుంచుకోండి. ఇక ముందు చెప్పబోయేది ఇవి ఒక్కొక్కటిగా ఎలా తొలగిపోయాయన్న కథ.

నాణెం మింగిన యంత్రం

1972లో అమెరికాలో అటారీ సంస్థ ‘పాంగ్’ అనే ఆటను విడుదల చేసింది. తెరకు అటూ ఇటూ రెండు గీతలు, మధ్య ఒక చుక్క. నాణెం వేస్తే ఆట మొదలు. 1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ వచ్చింది. పై నుంచి వరుసలుగా దిగే శత్రువులను కాల్చడమే పని. కొందరు కూలితే మిగిలినవారు వేగం పెంచుతారు. 1980లో వచ్చిన ‘ప్యాక్‌మన్’లో వందలాది మెట్లు ఉన్నా గోడల అమరిక ఒక్కటే. మొదటి మెట్టులోని దారులే చివరి మెట్టులోనూ ఉంటాయి. మారేది వేగం, కష్టం మాత్రమే.

ఇందుకు రెండు కారణాలు. ఆనాటి యంత్రాల జ్ఞాపకశక్తి చాలా తక్కువ. ఎక్కువ బొమ్మలు, ఎక్కువ పటాలు దానిలో పట్టవు. ఇది సాంకేతిక కారణం. రెండవది వ్యాపార కారణం. ఒక నాణేనికి ఒకడు గంటల తరబడి ఆడితే దుకాణదారుకు గిట్టదు. కాబట్టి ఆట తేలికగా మొదలై త్వరగా కష్టమై, ‘ఇంకొక్కసారి’ అనిపించే చోట ముగియాలి. అలా పునరావృతి ఆటగాడి సరదాగా కాక యంత్రం యజమాని రాబడిగా రూపుదిద్దుకొంది.

ఆ ‘ఇంకొక్కసారి’ వెనుక ఉన్న మనస్తత్వాన్ని శాస్త్రజ్ఞులు అంతకు ముందే గుర్తించారు. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే అమెరికా మనోవైజ్ఞానికులు 1957లో వెలువరించిన గ్రంథంలో పావురాలపై జరిపిన ప్రయోగాలను వివరించారు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిన కొద్దిసేపటికే పావురం మానేస్తుంది. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు మాత్రం అది విడువకుండా పొడుస్తూనే ఉంటుంది. పని మారనవసరం లేదు, ఫలితం ఎప్పుడు వస్తుందో తెలియకపోతే చాలు. గవ్వల్లో చెమ్మ పడుతుందా లేదా అన్న ఉత్కంఠ కూడా ఇటువంటిదే. అయితే గవ్వలు విసిరేది మన చెయ్యి. ఫోనులో ఆ గవ్వలను విసిరేది ఆట తయారుచేసిన సంస్థ.

1983: ఒకే రకం సరుకు కూల్చిన సంత

వైవిధ్యం లేకపోవడం వ్యాపారాన్ని సైతం ముంచగలదని చరిత్ర ఒకసారి రుజువు చేసింది. 1980వ దశకం ఆరంభంలో ఉత్తర అమెరికాలో గెలిచిన ప్రతి ఆటకూ పదుల సంఖ్యలో నకళ్ళు వచ్చాయి. దుకాణాలు ఒకేలా ఉండే క్యాసెట్లతో నిండిపోయాయి. 1982లో హడావిడిగా తయారైన ‘ఈ.టీ.’ ఆట ఆ పతనానికి గుర్తుగా మిగిలింది. అమ్ముడుపోని సరుకును అటారీ 1983లో న్యూమెక్సికోలోని ఆలమగోర్డో వద్ద పూడ్చిపెట్టింది. 2014లో దానిని తవ్వి తీశారు. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న గృహ వీడియోగేమ్ వ్యాపారం 1985 నాటికి దాదాపు 10 కోట్ల డాలర్లకు పడిపోయిందని అంచనా.

అంటే విసుగు అన్నది కొనుగోలుదారుకు ప్రకృతి ఇచ్చిన రక్షణ. విసుగు పుట్టినవాడు లేచి వెళ్ళిపోతాడు. ఈ పాఠం నేర్చుకున్న పరిశ్రమ రెండు దారులు పట్టింది. కొందరు నిజంగా కొత్త ఆటలు సృష్టించారు. మరికొందరు ఆటను మార్చకుండానే విసుగు పుట్టకుండా చూసే ఉపాయాలు వెదికారు. నేటి ఫోను ఆటలలో అధికభాగం ఈ రెండవ దారిలోనివి.

పెట్టె నుంచి జేబులోకి

మన దేశంలో అసలైన నింటెండో పెట్టె సామాన్యుడికి అందలేదు. దాని చవక నకళ్ళు అందాయి. వాటితోపాటు ఈ వ్యాసం మొదట్లో చెప్పిన క్యాసెట్లూ వచ్చాయి. ఆ తరువాత ఇంటర్నెట్ కేంద్రాలలో గంటకు ఇంతని చెల్లించి ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడిన తరం వచ్చింది. 1997లో నోకియా ఫోనులో పాము ప్రవేశించింది. 2012లో ‘క్యాండీ క్రష్’ వచ్చింది. ఇందులో అయిదు ప్రాణాలు. అవి అయిపోతే ఒక్కొక్కదానికి అరగంట చొప్పున ఎదురుచూడాలి, లేదా డబ్బు చెల్లించాలి. ఎదురుచూపును కూడా అమ్మవచ్చని తేలిపోయింది.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాయి. అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలుగా ఏర్పడ్డాయి. కలెక్టరేటూ చవక డేటా దాదాపు ఒకే నెల తేడాతో ఈ ప్రాంతానికి వచ్చాయన్నమాట. ఆ ఏడాదే ‘లూడో కింగ్’ విడుదలైంది. మన పచ్చీసు ఇంగ్లండు వెళ్ళి లూడోగా మారి, ఫోను రూపంలో తిరిగి వచ్చింది. 2018లో ఫోనులోకి పబ్జీ వచ్చింది. వందమంది ఒక దీవిలో దిగుతారు, ఆయుధాలు ఏరుకుంటారు, వలయం కుంచించుకుపోతుంది, చివరికి ఒక్కరు మిగులుతారు. సుమారు అరగంటలో అంతా ముగిసి, మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. దీవులు పెరిగాయి, దుస్తులు మారాయి. ఆట స్వరూపం మాత్రం అదే. ఫ్రీ ఫైర్‌దీ ఇదే పద్ధతి.

ఈ ఆటలలో ‘సీజన్’ అనే మాట ఉంది. కొన్ని వారాలకొకసారి కొత్త సీజన్, కొత్త బహుమతులు, అప్పటి వరకు ఎక్కిన స్థాయి నుంచి కిందికి దించడం. మన ఆటలకు ఋతువును ప్రకృతి ఇచ్చింది. ఇక్కడ సంస్థ ఇస్తున్నది. ప్రకృతి ఇచ్చిన ఋతువు మారితే పిల్లవాడు ఒక ఆట మాని మరొక ఆటకు పోయేవాడు. సంస్థ ఇచ్చిన ఋతువు మారితే అదే ఆటలో అట్టడుగు నుంచి మళ్ళీ మొదలుపెడతాడు.

మగ్గం, చాట, ఫోను

ఈ మూడు పట్టణాలకూ పునరావృతి అంటే ఏమిటో ఎవరూ నేర్పనవసరం లేదు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పన్నెండు గంటల షిఫ్టు నిలబడే కార్మికుడికి తెలుసు: తెగిన పోగును ముడివేయడం, కండె మార్చడం, మళ్ళీ పోగు ముడివేయడం. కోరుట్ల ప్రాంతంలో ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టే తల్లికి తెలుసు. ఆమె కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. అదే కదలిక, వెయ్యి సార్లు.

ఆటగాళ్ళు తమ ఆట గురించి వాడే మాటలను శ్రద్ధగా వినండి. ఒకే పనిని పదేపదే చేసి పాయింట్లు కూడబెట్టడాన్ని ‘గ్రైండ్’ అంటారు. అంటే విసరడం, రుబ్బడం. వస్తువులు పోగుచేయడాన్ని ‘ఫార్మింగ్’ అంటారు; అంటే సేద్యం. రోజువారీ లక్ష్యాన్ని ‘మిషన్’ అంటారు. ఇవన్నీ పని మాటలే. రోజుకు ఇన్ని చుట్టాలన్న బీడీ లెక్కకూ, రోజుకు ఇన్ని పూర్తిచేయాలన్న ఆట లెక్కకూ నిర్మాణంలో తేడా లేదు. ఉన్న తేడా ఒక్కటే. తల్లికి వెయ్యికింత కూలి దక్కుతుంది. కొడుకు తన కాలాన్నీ, కొన్నిసార్లు గల్ఫ్ నుంచి తండ్రి పంపిన డబ్బునూ ఎదురు చెల్లిస్తాడు.

పిల్లలను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. గల్ఫ్‌లో తండ్రి, చాట ముందు తల్లి, ఆడుకునే ఖాళీ స్థలాలలో ఇళ్ళు. అటువంటి ఇంటిలో ఫోను తండ్రిని చూపించే కిటికీ కూడా. దానిని లాక్కుంటే పిల్లవాడు ఆటను మాత్రమే కాదు, సావాసాన్ని కూడా కోల్పోతాడు. కనుక ‘ఫోను పగలగొట్టండి’ అనే సలహా వైద్యం కాదు.

శరీరం చెప్పే చరిత్ర

ఒకే పని పదేపదే చేస్తే రోగం వస్తుందని వైద్యశాస్త్రం మూడు వందల ఏళ్ళ క్రితమే గుర్తించింది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తిరోగాలపై గ్రంథం ప్రచురించాడు. 1713 నాటి విస్తృత ప్రతిలో లేఖకుల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: నిరంతరం కూర్చోవడం, చేతిని ఒకే రీతిలో ఆడించడం, మనస్సుకు ఎడతెగని ఒత్తిడి. నేటి ఆటగాడికి ఈ మూడూ అక్షరాలా వర్తిస్తాయి.

1981లో ఒక ప్రసిద్ధ అమెరికా వైద్య పత్రికలో ‘స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు’ అనే లేఖ వెలువడింది. 1990లో అదే పత్రికలో నింటెండో మీట నొక్కి నొక్కి బొటనవేలి స్నాయువు వాచిన రోగి గురించి మరొక లేఖ వచ్చింది. 2003లో న్యూజీలాండ్ వైద్యులు గంటల తరబడి కంప్యూటరు ముందు కదలకుండా కూర్చున్న యువకుని కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరిన వైనాన్ని నమోదు చేశారు. ఆట పేరు మారుతూ వచ్చింది. గాయం తీరు మారలేదు.

కళ్ళ సంగతి కూడా గమనించండి. తెరను తదేకంగా చూసేటప్పుడు రెప్పపాటు తగ్గుతుంది. కన్ను పొడిబారి మండుతుంది. ఇక హ్రస్వదృష్టి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాల ఆరుబయటి కార్యక్రమం అదనంగా పెట్టి మూడేళ్ళు పరిశీలించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ పిల్లలలో 30.4 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. మామూలుగా చదివిన పిల్లలలో 39.5 శాతం మందికి వచ్చింది. చిర్రగోనె ఆడిన తరానికి ఆ నలభై నిమిషాలు అడగకుండానే దక్కాయి.

జగిత్యాల వార్త: ఎలా చదవాలి?

2019 మార్చిలో జగిత్యాల ప్రాంతానికి చెందిన ఒక యువకుని మరణాన్ని పత్రికలు పబ్జీతో ముడిపెట్టాయి. నలభై అయిదు రోజులు విడవకుండా ఆడాడనీ, మెడ నరాలు దెబ్బతిన్నాయనీ వార్తలు దేశమంతటా వ్యాపించాయి. ఒక కుటుంబపు దుఃఖం హెచ్చరిక కథగా మారిపోయింది.

ఒక వైద్యునిగా నేను చెప్పవలసినది ఇది. వంగి కూర్చోవడం వల్ల కలిగే మెడనొప్పి దానంతటది ప్రాణం తీయదు. మెడనొప్పితో పాటు జ్వరం, మెడ బిగుసుకుపోవడం, చేతులు కాళ్ళలో బలహీనత, స్పర్శ తగ్గడం, మూత్రంపై అదుపు తప్పడం, స్పృహలో మార్పు – వీటిలో ఏది కనిపించినా అది అత్యవసర పరిస్థితి. ఆ వ్యక్తి ఆటగాడా కాదా అన్న ప్రశ్నతో నిమిత్తం లేదు. ‘ఫోను చూసి చూసి వచ్చింది, అదే తగ్గుతుంది’ అని ఆలస్యం చేస్తే, చికిత్స ఉన్న జబ్బు కూడా చేయి దాటిపోవచ్చు. ఆటను దయ్యంగా చిత్రించే వార్త ఇటువంటి ప్రమాదం కూడా తెస్తుంది.

ఎడతెగని ఆట నిరపాయకరమని దీని అర్థం కాదు. 2005లో దక్షిణ కొరియాలోని డేగు నగరంలో సుమారు యాభై గంటలు ఆడిన యువకుడు గుండె ఆగి మరణించాడు. కానీ అటువంటివి అరుదు. ఎక్కువమందికి జరిగే నష్టం వార్తలకు ఎక్కదు: చెడిన నిద్ర, తగ్గిన చదువు, పెరిగిన బరువు, ఇంట్లో తగ్గిపోయిన మాట.

నిషేధాలు చెప్పిన పాఠం

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో కరోనా కారణంగా ప్రభుత్వ పాఠశాలల పాఠాలు టీవీ, ఫోను ద్వారా మొదలయ్యాయి. మరుసటి రోజే కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. బడి ఫోనులోకి వచ్చిన మరునాడే ఆట ఫోను నుంచి పోయింది. అయితే ఆ నిషేధానికి కారణం పిల్లల ఆరోగ్యం కాదు, దేశ భద్రత. 2021 జులైలో అదే ఆట మరో పేరుతో భారతీయ రూపంలో తిరిగి వచ్చింది. 2022లో ఫ్రీ ఫైర్‌ను కూడా నిషేధించారు. పేరు మారి అదే ఆట తిరిగి రావడం ‘9999 ఇన్ 1’ క్యాసెట్టును గుర్తుకు తేవడం లేదా?

పందెం ఆటల విషయంలో చట్టం మరింత స్పష్టంగా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ దేశవ్యాప్తంగా నిషేధించింది. డబ్బు పందెం లేని ఆటలకు ఈ చట్టం అడ్డు చెప్పదు. అక్కడ కాపలా ఇంటిదే.

మీరు చేయగలిగినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలులోకి తెచ్చిన రోగాల వర్గీకరణలో ‘ఆటల రుగ్మత’ను చేర్చింది. దానికి మూడు లక్షణాలు: ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన అన్ని పనులకంటే ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, హాని జరుగుతున్నా కొనసాగించడం. సాధారణంగా ఏడాదిపాటు ఇవి ఉండి జీవితాన్ని దెబ్బతీస్తేనే రోగమని నిర్ధారిస్తారు. ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. చాలామందిలో ఆటకు వెనుక కుంగుబాటు, ఒంటరితనం, చదువులో ఎదురవుతున్న కష్టం దాగి ఉంటాయి. ముందుగా వాటిని వెదకండి.

‘ఎన్ని గంటలు ఆడావు?’ అని అడిగే బదులు ‘ఈ రోజు ఆటలో కొత్తగా ఏమి జరిగింది?’ అని అడగండి. పిల్లవాడు ఉత్సాహంగా చెప్పగలిగితే ఆ ఆట ఇంకా ఆటగానే ఉంది. ‘ఏమీ లేదు, మిషన్ పూర్తి చేయాలి’ అంటే అది కూలి లేని పనిగా మారిందని గ్రహించండి. ఆ సంగతి తనంతట తాను గుర్తించిన పిల్లవాడిని మాన్పించడం సులభం. రోజు తప్పితే బహుమతి పోతుందని బెదిరించే సూచనలను ఫోనులో ఆపివేయండి. మధ్యలో లాక్కోకుండా, ఒక ఆట ముగిసే చోట ఆపేలా ఒప్పందం చేసుకోండి. నిద్రవేళకు గంట ముందు ఇంట్లో అందరి ఫోన్లూ, మీ ఫోనుతో సహా, ఒకచోట చేర్చండి. 5 నుంచి 17 ఏళ్ళ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శరీర శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది ఒకే రకం కానవసరం లేదు, కాకపోవడమే మేలు.

అదుపు తప్పిందనిపిస్తే 14416 నంబరుకు ఫోను చేయండి. ఇది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో ఇటువంటి సమస్యలకే ప్రత్యేకంగా ఒక క్లినిక్ 2014 నుంచి నడుస్తున్నది.

చివరగా ఒక చిన్న పని అప్పగిస్తాను. ఈ ఆదివారం ఇంటి అరుగు మీద సుద్దముక్కతో ఇరవై అయిదు గళ్ళు గీయండి. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి వాడండి. నియమాలు పిల్లలనే పెట్టనివ్వండి, వాదులాడుకుంటే వాదులాడుకోనివ్వండి. విసుగు పుడితే లేచిపోనివ్వండి. అలా లేచిపోగల స్వేచ్ఛ ఉన్నంతవరకు ఏ ఆటా వారికి పెద్దగా హాని చేయలేదు.